ప్రెడిక్టెడ్ గ్రేడ్లు వచ్చాయి, ఇక ఐదు ఛాయిస్‌ల సంగతి

అందరికీ నమస్తే. పిల్లల ఏ లెవెల్ (బ్రిటిష్ సిలబస్‌లో మన ఇంటర్ లాంటిది) ప్రెడిక్టెడ్ గ్రేడ్లు, అంటే టీచర్లు ముందుగా అంచనా వేసి ఇచ్చే గ్రేడ్లు, రాగానే గ్రూపులో ఒకటే టెన్షన్. యూకే యూనివర్సిటీలకి అప్లై చేసే యూకాస్‌లో ఐదు ఛాయిస్‌లే, మెడిసిన్‌కైతే నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఏదో ఒక్కటే. ఏఏబీ ప్రెడిక్షన్‌తో ఐదూ ఏ స్టార్లు అడిగే కోర్సులే పెడితే ఒక్క ఆఫరూ రాకపోవచ్చు. రెండు ఆశకొద్దీ, రెండు గ్రేడ్లకి సరిపడేవి, ఒకటి బీబీబీ అడిగేది పెట్టండి. ఆ చివరిదే ఇన్సూరెన్స్ ఛాయిస్‌గా, అంటే మొదటి ఎంపికకి గ్రేడ్లు చాలకపోతే చేతిలో ఉండే సీటుగా, పనికొస్తుంది. అదీ పిల్లలు నిజంగా వెళ్లి చదవాలనుకునేదై ఉండాలి, పేరుకి కాదు. అమీర్‌పేట కన్సల్టెన్సీల లిస్టులు పక్కన పెట్టి, యూనివర్సిటీ పేజీలోనే సబ్జెక్టుల షరతులు చూడండి. మ్యాథ్స్ తప్పనిసరి అన్నది అక్కడే బయటపడుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్ వాళ్లకి గడువు అక్టోబర్ 15, మన టైమ్ రాత్రి 10:30. గ్రేడ్ పెంచమని టీచర్లని బతిమాలకండి, సీటు ఖాయమయ్యేది ఆగస్టు రిజల్ట్స్‌తోనే. శనివారం సాయంత్రం కొండాపూర్‌లో కూర్చుందామా? వచ్చేవాళ్లు చెప్పండి.