తడవని పుస్తకాలు, తడిసిన పటాలు

ఈ కృతజ్ఞతలు నవంబరులోనే చెప్పవలసింది. కరెంటు వచ్చాక, ఆట పటాలు ఆరాక, లెక్కలు తేలాక అనుకుంటూ సంక్రాంతి ముంగిట దాకా లాక్కొచ్చాను. వాకిట్లో గొబ్బెమ్మలు పెట్టే రోజులు వచ్చేశాయి. మా ఆట పుస్తకానికీ, అక్టోబరు తుఫానులో దాన్ని కాపాడడానికీ సాయం పట్టినవాళ్ళకు పండగలోపు ఒక మాట చెప్పి రాకపోతే అరిసెలు ముట్టుకోనివ్వనని అమ్మ తేల్చి చెప్పింది.

మేము ముగ్గురం: నేను, తమ్ముడు, బొమ్మలు వేసే మేనకోడలు. నరసాపురం పక్క పల్లెలో కూర్చుని రోల్ ప్లేయింగ్ ఆటల పుస్తకాలు వేస్తాం. అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు, ఒకరు కథ నడుపుతారు, మిగతావారు తలా ఒక పాత్ర పట్టుకుని “నేనైతే ఇప్పుడు ఇలా చేస్తాను” అంటారు. చేయగలిగారో లేదో పాచిక చెబుతుంది. మా ఆటలో డ్రాగన్లు లేవు, గోదావరి వశిష్ఠ పాయ ఉంది. నది మధ్య లంకలో రైతు, పంటు (రేవు దాటించే పడవ) నడిపే సరంగు, రేవులో టీకొట్టు ఆవిడ పాత్రలు. నీరు పెరుగుతూ ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ మూడు అంకెలే మా ఆటకు మూడు అంకాలు.

ఈ ఏడాది మొదటి దెబ్బ పాచికలతోనే తగిలింది. ఇరవై ముఖాల పాచికలు ఒక వ్యాపారి దగ్గర తెప్పించాం. రెండు నెలలు ఆలస్యంగా వచ్చాయి. తీరా చూస్తే 6 కింద, 9 కింద గీత లేదు. ఏది ఆరో, ఏది తొమ్మిదో తెలియదు. ఇరవై ముఖాల పాచికలో ఎదురెదురు ముఖాలు కూడితే 21 రావాలి కదా, అడుగున 15 ఉంటే పైన 6, అడుగున 12 ఉంటే పైన 9, తిప్పి చూసుకుంటే సరిపోతుందని తమ్ముడు వాదించాడు. వేసిన ప్రతిసారీ పాచిక పొట్టకింద చూసుకునే ఆట ఎవరాడతారు? డబ్బు వెనక్కి రాలేదు. ఆ పాచికలు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి, పిల్లలు వాటితో గోళీలాట ఆడుతున్నారు.

మా వీధి చివర మామ్మగారు ఈ గొడవంతా విని, “అష్టాచెమ్మా ఆడుకోవడానికి మాకు ఎవరమ్మా పాచికలు పంపారు? గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోండి” అన్నారు. పిక్కను ఒక వైపు గరుకు బండ మీద అరగదీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది. పుస్తకానికి ఆరు పిక్కలు అనుకున్నాం. ఐదు వందల ప్రతులకు మూడు వేలు. మే నెల మధ్యాహ్నాలు మామ్మగారి అరుగు మీద ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని, సగం ఊరి సంగతులు చెప్పుకుంటూ మూడు వేల పిక్కలూ అరగదీశారు. నేను గంట సేపు చేసేసరికి బొటనవేలి తోలు లేచింది. వాళ్ళు నవ్వారు.

పిక్కలు వచ్చాక ఆట స్వభావమే మారిపోయిందని మాకు వెంటనే తెలియలేదు. చెప్పినది మా హైస్కూలు లెక్కల మాస్టారు. ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడటానికైనా, ఇరవై పడటానికైనా అవకాశం ఒక్కటే, ఇరవైలో ఒక వంతు. ఆరు పిక్కలు విసిరితే మొత్తం 64 రకాలుగా పడవచ్చు. మూడు తెలుపులు వచ్చేవి అందులో 20. ఆరూ తెలుపు వచ్చేది ఒకే ఒక్కటి. అంటే మామూలు మనిషికి చాలాసార్లు మామూలు ఫలితమే వస్తుంది, అద్భుతం ఎప్పుడో గాని జరగదు. వరదలో చిక్కుకున్న రైతు కథకు ఇదే సరైన గణితం అని ఆయన తీర్పు. అక్కడితో ఆగారా? అరగదీసిన పిక్క రెండు వైపులా సమానంగా పడుతుందన్న నమ్మకం ఏమిటని రెండు సాయంత్రాలు విసిరి విసిరి నోటుపుస్తకంలో గీతలు పెట్టుకున్నారు. పడదని తేల్చారు. మందం ఒకేలా ఉన్నవి ఏరి ఆరు చొప్పున కట్టలు కట్టించారు. మూడు వేల పిక్కలను అంత శ్రద్ధగా ఏరిన మనిషికి మేము ఇచ్చింది రెండు కప్పుల కాఫీ. మాస్టారూ, మీ నోటుపుస్తకం మా దగ్గరే ఉంది, మలి ముద్రణ దాకా ఉంచుకోనివ్వండి.

పిక్కలకు సంచులు నరసాపురం లేసు అల్లేవారి చేత చేయించాం. ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కూలి ఇచ్చి చేయించుకున్నదానికి కృతజ్ఞత ఎందుకనవచ్చు. మొదటి సంచి మేము గీసి ఇచ్చిన నమూనా ప్రకారమే అల్లారు. పిక్కలు పోసి ఎత్తితే కన్నాల్లోంచి జలజలా రాలిపోయాయి. అల్లిన అక్కయ్య మా కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, “మీరు కథలు రాసుకోండి, కుట్టు సంగతి నేను చూసుకుంటాను” అని, బిగువుగా మళ్ళీ అల్లింది. ఆ రెండో సంచికి డబ్బు తీసుకోలేదు.

ఇక వంతలు, అంటే బుర్రకథలో కథకుడి పక్కన వంత పాడేవాళ్ళు. ఇలాంటి ఆటలన్నిటిలో ఒక చిక్కు ఉంది. ఎవరి పాత్రయినా చచ్చిపోతే ఆ మనిషి మిగతా రెండు గంటలూ ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. మా ఆటలోనూ అంతే. పాలకొల్లులో ఒకరి ఇంట్లో ఆడి చూపిస్తుంటే, పూర్వం బుర్రకథలు చెప్పిన పెద్దాయన ఒకరు వెనక కుర్చీలో కూర్చుని చూశారు. మునిగిపోయిన సరంగు పాత్ర తాలూకు కుర్రాడు ఆవులిస్తున్నాడు. పెద్దాయన వాణ్ణి లేపి కథ నడిపేవారి పక్కన నిలబెట్టి, “నువ్విక హాస్యం, తందాన అను” అన్నారు. కథకుడికి అటు రాజకీయ వంత, ఇటు హాస్య వంత. ఇప్పుడు మా ఆటలో పాత్ర పోయినవారు వంత అవుతారు. ఒక్కో అంకంలో ఒక్కసారి కథకు అడ్డుపడి ప్రశ్న అడగవచ్చు, కథకుడు దానికి జవాబు చెప్పి తీరాలి. మూడేళ్ళుగా మేము తల బద్దలు కొట్టుకున్నదాన్ని ఆయన ఒక్క మాటతో తేల్చేశారు.

మా ఆడిటర్ గారికీ ఒక దండం. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అదే పుస్తకాన్ని పిక్కలతో కలిపి పెట్టెలో పెట్టి ఒకే ధరకు అమ్మితే ఆట సామాను లెక్కలోకి పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద పన్ను 12 శాతం నుంచి 5కు తగ్గింది. తగ్గకముందు పెట్టెలు కట్టబోతున్న మమ్మల్ని ఆయన ఆపారు. ఫీజు అడిగితే, వాళ్ళ అబ్బాయికి ఒక ప్రతి చాలన్నారు.

ఇప్పుడు అక్టోబరు. పెట్టెలన్నీ పాత రైసు మిల్లు గదిలో పేర్చాం. పైన రేకులు. 27 నాటికే మొంథా తుఫాను మన వైపే వస్తుందని అర్థమైంది. కాకినాడ రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. ఆ పేరు థాయ్‌లాండ్ ఇచ్చినదట, పరిమళించే పువ్వని అర్థమట. బాగుంది. 28 ఉదయానికి గాలి మొదలైంది. మేము ముగ్గురం గది ముందు నిలబడి, ఈ రేకులు నిలుస్తాయా అని చూస్తున్నాం. 1996 తుఫాను చూసిన మా పక్కింటి బాబాయి గారు మాతో చర్చ పెట్టుకోలేదు. నేరుగా వెళ్ళి ట్రాక్టరు తోలుకొచ్చారు.

వానలో నలభై నిమిషాలు. ట్రాక్టరు మీద, సైకిళ్ళ మీద, నెత్తిన. టైలరు గారి మేడమీదికి మెట్ల వెంట మనుషులు వరసగా నిలబడి పెట్టెలు చేయి మార్చారు. వాళ్ళలో సగం మందికి సార్వా (వానాకాలపు పంట) వరి చేలో కంకి బరువెక్కి నిలబడి ఉంది. రాత్రికి అది వాలిపోతుందని వాళ్ళకు తెలుసు. పుస్తకాలు ఎత్తవచ్చు, చేను ఎత్తలేం కదా అని ఒకాయన పెట్టె నా చేతికిస్తూ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

అర్ధరాత్రి ప్రాంతంలో తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. మిల్లు గది రేకులు నాలుగు లేచిపోయాయి, ఒకటి కాలువ అవతల దొరికింది. ఆ గదిలో మేము మరచిపోయినది పటాల కట్ట ఒక్కటే.

ఆ రాత్రి మేము బడిలో పెట్టిన పునరావాస కేంద్రంలో ఉన్నాం. పిల్లలు నిద్రపోవడం లేదు. మేనకోడలి సంచిలో పిక్కలు ఉన్నాయి కాబట్టి, టార్చిలైటు వెలుగులో ఆట మొదలుపెట్టాను. గాలి హోరులో సరంగు పంటును అవతలి రేవుకు తీసుకెళ్ళాలి, అది మా పుస్తకంలో రెండో అంకం. సరంగు పాత్ర తీసుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల పిక్కలు పట్టుకుని విసరదు. “తుఫాను వస్తే పంటు ఆపేస్తారు కదండీ” అంది. అవతల జనం చిక్కుకున్నారమ్మా అన్నాను. “అయితే పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదండీ?” రాసినదాన్ని నేనే, నా దగ్గర సమాధానం లేదు. రెండో అంకం ఇప్పుడు తిరగరాస్తున్నాం. కొత్త ముద్రణలో మొదటి హెచ్చరిక నాడే నిర్ణయం తీసుకోవాలి, ఆలస్యానికి వెల ఉంటుంది. ఆ పాప పేరు, వాళ్ళ అమ్మ ఒప్పుకుంటే, పుస్తకం మొదటి పేజీలో వేస్తాం.

తడిసిన పటాల్ని ఇస్త్రీ చేసే తాతగారు కాపాడారు. కరెంటు లేకపోయినా ఆయనది బొగ్గుల పెట్టె. పాత దినపత్రికల మధ్య పెట్టి ఒక్కొక్కటీ నెమ్మదిగా ఒత్తారు, రెండు రోజులు పట్టింది. అరవై పటాలు ముడతలతో, అంచున గోధుమరంగు చారతో బయటపడ్డాయి. తగ్గించి అమ్ముదామనుకున్నాం. ఇప్పుడు అవే కావాలని అడుగుతున్నారు. వ్యాపారం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

లెక్కలు క్లుప్తంగా: ఐదు వందలు వేశాం, మూడు వందల డెబ్భై అమ్మాం, ప్రెస్సు బాకీ తీర్చాం. మిగిలినదాన్ని లాభం అనడానికి సిగ్గేస్తుంది. తమ్ముడు మాత్రం గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా 1974లో వెయ్యి పెట్టెలతోనే మొదలైందని, ఆ పెట్టెల్ని కూడా చేత్తోనే సర్దారని దొరికినవాళ్ళకల్లా చెబుతున్నాడు. మన గోదావరి మీద కొవ్వూరు రోడ్డు రైలు వంతెన వచ్చిన ఏడాదే అని కూడా కలుపుతాడు. దానికీ దీనికీ సంబంధం ఏమిటని అడిగితే, వింటున్నారు కదా అంటాడు.

కనుమ మరునాటి సాయంత్రం మా అరుగు మీద ఆట పెడుతున్నాం. ట్రాక్టరు బాబాయి గారు, టైలరు గారి కుటుంబం, మెట్ల మీద నిలబడినవారంతా రావాలి. మామ్మగారు కథ నడుపుతానన్నారు.

ఇంకొక్క సంగతి. ఆ రోజు ట్రాక్టరు మీద పెట్టెలకు కప్పిన నీలం బరకం ఎవరిదో ఇంతవరకూ తెలియలేదు. ఒక మూల చిరుగు ఉంటే కుట్టించాం. మా అరుగు మీద మడత పెట్టి ఉంది, దాళ్వా (రెండో పంట) నాట్లు అయ్యేలోపు వచ్చి తీసుకెళ్ళండి.