మటన్ కొట్టు ముందు పడేసే కార్జం గురించి పురపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

గొర్రెను కోసినప్పుడు కార్జం మీదో ఊపిరితిత్తుల మీదో తెల్లటి నీటి తిత్తి కనబడుతుంది. కత్తి మొన తగిలితే తేటనీరు చిమ్ముతుంది, అడుగున సన్నటి ఇసుక లాంటి రేణువులుంటాయి. అవి ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు. కొట్టువాళ్లు ఆ ముక్క కోసి మొద్దు పక్కనున్న కుక్కకు వేస్తారు. అసలు తప్పు అక్కడే జరుగుతోంది. కుక్క పేగులో అవి సుమారు 6 వారాల్లో పెద్దవై, మలంలో గుడ్లు వదులుతాయి. ఆ గుడ్లు చేతులకో ఆకుకూరలకో అంటి మన కడుపులోకి చేరితే, మన కార్జంలోనూ అవే తిత్తులు ఏళ్ల తరబడి పెరుగుతాయి. మటన్ తింటే ఈ జబ్బు రాదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

తిత్తులున్న భాగాలను తాళమున్న డబ్బాలో వేయించండి. లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చి, పైన బండలు పెట్టించండి, లేకుంటే కుక్కలు తవ్వేస్తాయి. గొయ్యికి చోటు లేకపోతే ముక్కలు చేసి కనీసం 30 నిమిషాలు మరిగించాలి.

రేబిస్ టీకాకు పట్టిన ప్రతి కుక్కకూ బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మందు కూడా ఇప్పించండి. మోతాదు కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే 15 కిలోల కుక్కకు 75. ఐవర్‌మెక్టిన్ అనే మరో పురుగుల మందు దీనికి పనిచేయదు. ప్రాజిక్వాంటెల్ పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు కాబట్టి, కుక్కను 2 రోజులు కట్టి ఉంచి ఆ మలాన్ని కాల్చేయాలి. కబేళా చుట్టుపక్కల కుక్కలకు 6 వారాలకోసారి ఇస్తే మంచిది, ఏడాదికి 4 సార్లకు మాత్రం తగ్గకూడదు.

ముందుగా కబేళా ప్రహరీలో కుక్కలు దూరే కంతలు పూడ్పించండి.

ఇట్లు,
కొందరు పశువైద్యులు