12 రోజులకే ఆపేశావేంట్రా?

ఒరేయ్ తాతా,

నీ మొదటి ఉత్తరానికి జవాబే రాయలేదు. తప్పు నాదే, క్షమించు. ఇక్కడ అందరం కులాసా. పెద్దాడి పరీక్షలయ్యాయి, అమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం. మిగతా కబుర్లు ఇంకోసారి.

నిన్న నీ రెండో ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు ఏవేవో రాసి, డాక్టరుగారు దిగులుకి ఇచ్చిన మాత్ర గురించి సంతకం కింద ఇరికించావు చూడు: "12 రోజులు వేసుకున్నాను, కడుపులో తిప్పడం తప్ప ఏమీ లేదు, మానేశాను" అని. అక్కడే ఆగిపోయాను. ఫోన్ చేద్దామనుకున్నా గానీ నువ్వు "సరే సరే" అనేసి పెట్టేస్తావు. కాగితమైతే రెండోసారి చదువుకుంటావు.

ముందు లెక్క చూడు. నీ మాత్ర, ఎస్సిటలోప్రామ్, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి పెంచారని నువ్వే రాశావు. అంటే అసలు మోతాదు మీద నువ్వున్నది 5 రోజులు. 5 రోజులే! ఈ మందులతో వచ్చే చిక్కే ఇది, ఇబ్బందులు ముందొస్తాయి. వికారం, తలనొప్పి, నోరెండిపోవడం, నిద్ర చెదరడం మొదటి వారంలోనే కనిపిస్తాయి. చాలామందికి రెండు వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. ఈ మందు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద, ఒంట్లో దానిలో ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుంది, అందుకే మనసుకంటే ముందు కడుపు గోలపెడుతుంది. మనసు తేలికపడటం రెండో వారానికీ నాలుగో వారానికీ మధ్య మెల్లగా మొదలవుతుంది. మందు పనిచేసిందా లేదా అని తేల్చాలంటే 6 నుంచి 8 వారాలు కావాలి. తేడా ముందు నిద్రలోనో ఆకలిలోనో కనిపించొచ్చు, దిగులు ఆఖర్న తగ్గొచ్చు. నువ్వేమో సరిగ్గా కష్టం తగ్గబోయే చోట ఆపావు. అది తలుచుకుంటేనే నాకు ప్రాణం ఉసూరుమంటోంది.

ఇప్పుడేం చేయాలంటే, రేపు పొద్దున్నే డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. నీ అంతట నువ్వు మళ్ళీ 10తో మొదలుపెట్టకు, మానేసిన రోజులవన్నీ కలిపి అసలే వేసుకోకు. ఆపి ఎన్నాళ్ళైందో నువ్వు రాయలేదు. దాన్నిబట్టి 5 నుంచా 10 నుంచా అన్నది ఆవిడ చెబుతారు. పరగడుపున వేసుకున్నావా, తిన్నాకా, ఏ పూట, అదీ చెప్పు. వికారానికి తిన్నాక వేసుకోవడమే చాలామందికి సరిపోతుంది. నిద్ర పట్టకపోతే పొద్దున్నకి, మగతగా ఉంటే రాత్రికి మారుస్తారు. నడుంనొప్పికి నువ్వు వేసుకునే బిళ్ళ ఏదో కూడా చెప్పు. అది ట్రమడాల్ అయితే ఈ మందుతో కలిసి ప్రమాదం తేవచ్చు.

ఇంకొకటి. ఇది అడగడానికి పెన్ను కదలడం లేదు, అయినా అడుగుతున్నా. చచ్చిపోవాలని అనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవాళ్ళున్నారు, అలా జరగదు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ కొందరికి లోపల కుదురు లేకుండా పోతుంది. అలాంటి ఆలోచనలు పెరగడం 25 ఏళ్ళ లోపువాళ్ళలో ఎక్కువ చూస్తారు గానీ మన వయసువాళ్ళూ గమనించుకోవాలి. ఎలా, ఎప్పుడు అన్నంతవరకు ఆలోచన వెళ్ళిందంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళు, ఒంటరిగా ఉండకు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ వదినకిచ్చెయ్. అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి.

సరే... ఇంకో సంగతి కూడా మెదులుతోంది. ఆ మేడమీద వేసవి గుర్తుందా? పది రోజులు, రాత్రికి మూడు గంటల నిద్ర, అయినా అలుపే లేదు, నలభై పేజీల ప్రణాళిక... అదేమీ కాకపోవచ్చు. కానీ డాక్టరుగారికి చెప్పు. అలాంటి రోజులు గతంలో ఉన్నవాళ్ళకి బైపోలార్, అంటే దిగులూ మితిమీరిన హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు, ఉండే అవకాశం ఉంది. అప్పుడు ఈ రకం మందు ఒక్కటే ఇస్తే మనిషి ఉన్నట్టుండి మితిమీరిన హుషారులోకి పోవచ్చు. వైద్యం దారే వేరవుతుంది. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, బీ12, హిమోగ్లోబిన్ చూశారా? చూడకపోతే అడుగు, అవి తేడాగా ఉన్నా ఇలాగే నీరసం, దిగులు.

దిగులు ఎంతుందో కొలవడానికి నువ్వు నింపానన్న ఆ 9 ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9, దాన్ని పారేయకు. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3, మొత్తం 27. నీకు 16 వచ్చిందన్నావు. రెండు వారాలకోసారి ఆదివారం పూట నింపి తేదీ వెయ్యి. సరైన మోతాదు మీద 4 వారాలు గడిచినా కనీసం 5 తగ్గకపోతే, అప్పుడు "మోతాదు పెంచుదామా, మందు మారుద్దామా" అని నువ్వే అడుగు. సగానికి దిగితే పనిచేస్తున్నట్టే, 5 లోపుకి రావడం అసలు గమ్యం. "ఏదోలా ఉంది" అంటే ఆవిడైనా ఏం చేస్తారు చెప్పు? 16, 15, 15 అని కాగితం చూపిస్తే మాట వేరు. చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి మాత్రం 0 కాకుండా ఏది వచ్చినా ఆదివారం వరకు ఆగకు.

కౌన్సెలింగ్ సంగతి గబగబా చెప్పేస్తా. సీబీటీ, అంటే ఆలోచనలూ అలవాట్లూ మార్చుకోవడం నేర్పే పద్ధతి, అయితే వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సార్లు అనుకో. నాలుగైదు సార్లు కూర్చున్నాక కూడా దేనిమీద పనిచేస్తున్నారో నీకు అర్థం కాకపోతే ఆ మాట కౌన్సెలింగ్ చేసే ఆయనతోనే అను. చెప్పినా మారకపోతే ఇంకొకర్ని చూసుకో, అది ఆయనకి అవమానమేం కాదు. నీ మొహమాటం నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా.

బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడాలి, ఆ తర్వాత వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, పిచ్చి కలలు. జబ్బు తిరగబెట్టడం అలా ఉండదు, వారాల మీద మెల్లగా వస్తుంది. ఆ రెండిటికీ తేడా తెలియక చాలామంది...

తమ్ముడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, అటే వస్తున్నాడు కాబట్టి ఇది వాడి చేతికే ఇస్తున్నా. రేపు సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. డాక్టరుగారు ఎంతతో మొదలుపెట్టమన్నారో అప్పుడు చెప్పు.

నీ
కిటికీ