ఇంటికి నిధులు సరే, పేట ప్లానుకేవి?

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో 31 ఏళ్లు ఉత్తరాలు పంచి విశ్రాంతి తీసుకుంటున్న పోస్ట్‌మ్యాన్‌ని. పేదల ఇళ్ల మీద పత్రికల్లో వచ్చే వార్త ఏదీ వదలను. ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని పునాది దాటాయి, ఎన్నింటికి బిల్లు పడలేదు అనే లెక్కలు రోజూ కనిపిస్తాయి. ఆ ఇల్లు ఎక్కడ కడుతున్నారు, పక్కింట్లో ఎవరుంటారు, బడికీ పనికీ ఎంత దూరం నడవాలి అన్న లెక్క మాత్రం ఎవరూ వేయడం లేదు. ఆ లెక్క వేయించడానికి మన ఊళ్లకు విడిగా నిధులివ్వాలని అడగడానికే ఈ ఉత్తరం.

నా బీటులో ఉల్లివీధి వెనక ఒక సందు ఉండేది. మొదటిది ప్లీడరుగారి మండువా ఇల్లు. దాని పెరటి వాటాలో హోటల్లో పిండి రుబ్బే ఒక పెద్దావిడ. ఎదుటి పెంకుటింట్లో వయొలిన్ మాస్టారు. ఆయన అరుగు మీదే గాజులమ్మేవాళ్లు మధ్యాహ్నం మలారం దించుకుని కాస్త నడుం వాల్చేవారు. సందు చివర రెండు గదుల్లో రిక్షా తొక్కే కుటుంబం. మొత్తం 34 గుమ్మాలు, ఇరవై నిమిషాల్లో నా సంచి ఖాళీ. పెద్దావిడకు ప్రతి నెలా ఖరగ్‌పూర్ నుంచి కొడుకు మనియార్డరు వచ్చేది. ఆమె వేలిముద్రే. దానికి సాక్షి సంతకం కావాలి. ప్లీడరుగారి భార్య వంటింట్లోంచి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టి, నోట్లు ఆవిడ చేతిలో మళ్లీ ఒకసారి లెక్కపెట్టి ఇచ్చేవారు. సాక్షి కోసం నేను ఏనాడూ రెండో గుమ్మం ఎక్కలేదు.

ఆ సందులో అందరూ సమానంగా బతికారని చెప్పను. కులం పట్టింపులుండేవి, నూతి దగ్గర తగువులు నా కళ్లతో చూశాను. అయినా పేదవాడికి డాక్టరు తెలిసేవాడు, ఉద్యోగం ఖాళీ ఉన్న చోటు తెలిసేది, పిల్లవాడి దరఖాస్తు నింపిపెట్టే మనిషి నాలుగడుగుల దూరంలో ఉండేవాడు. ఇవేవీ పట్టా కాగితంతో రావు.

ఆ పెద్దావిడ మనవరాలికి ఊరి బయట ఒక కాలనీలో ఇల్లొచ్చింది. కిందటేడు చూడడానికి వెళ్లాను. ఆమె ఇల్లున్న వరసలో పద్దెనిమిది ఇళ్లుంటే పదకొండింటికి తాళాలు. ఆమె ఇంటికీ తాళమే. ఫోను చేస్తే తోటపాలెంలో ఉన్నానంది. నాలుగిళ్లలో వంట చేస్తుంది. కాలనీ నుంచి వస్తే రెండు ఆటోలు మారాలి, రానూ పోనూ ఎనభై రూపాయలు. అందుకని ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుంది. “ఇల్లుంది బాబూ, అందులో ఉండే వీలే లేదు” అంది. సొంత ఇంటికి తాళం వేసి అద్దె కడుతున్న ఆమెను ఏ జాబితాలో చూసినా ఇల్లు అందిన లబ్ధిదారే.

2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇళ్ల స్థలాల పట్టాలిచ్చింది. మన ఊరి పక్కనున్న గుంకలాంలో 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లు వేశారు. సొంత జాగా లేనివాడికి జాగా దక్కడం చిన్న విషయం కాదు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ భాగించి చూడండి, ఎకరానికి 31 ఇళ్లు. ఊరి మధ్య మూడంతస్తులుగా కడితే అదే ఎకరంలో అంతకు రెట్టింపు కుటుంబాలు సుఖంగా పడతాయి. కింద కొట్లు కూడా పెట్టుకోవచ్చు. పైగా దూరాన చవకగా కొన్న భూమికి నీళ్ల పైపు, కరెంటు స్తంభాలు, రోడ్డు అన్నీ కొత్తగా వేయాలి. భూమి మీద మిగిల్చింది పైపుల కింద పోతుంది.

అన్ని రకాల ఆదాయాల వాళ్లనూ ఒకే చోట ఉంచడం మన పథకాలకు కొత్తేమీ కాదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి పట్టణ ఆవాస్ యోజనలో ప్రభుత్వ సంస్థలతోనో ప్రైవేటు బిల్డర్లతోనో కలిసి కట్టే భాగస్వామ్య ప్రాజెక్టుకు కనీసం 250 ఇళ్లుండాలి, వాటిలో 35 శాతం బాగా పేదలకు ఇవ్వాలి అని నియమం పెట్టారు. అంటే మిగతావి గుమాస్తాకో టీచరుకో ఇవ్వవచ్చు. మన రాష్ట్ర సంస్థ టిడ్కో పట్టణ పేదలకు కట్టే ఇళ్లనూ 300, 365, 430 చదరపు అడుగులని మూడు కొలతల్లో వేశారు. 2024లో వచ్చిన ఆవాస్ యోజన రెండో విడతలో ఏడాదికి 9 లక్షల ఆదాయం వరకు ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకున్నారు, పేదల ఇంటికి రెండున్నర లక్షలిస్తున్నారు. అయితే ఈ డబ్బంతా ఇటుకకూ సిమెంటుకే. ఏ పేటలో కట్టాలో తేల్చే పనికి విడిగా గ్రాంటు నాకు కనబడలేదు.

ప్లానుకు విడిగా డబ్బిచ్చిన ఉదాహరణలున్నాయి. 2018లో కేంద్రం పేటల స్థాయి ప్లాన్ల కోసం 25 నగరాలను ఎంచుకుని ఒక్కొక్కదానికి 2 కోట్లు కేటాయించింది. అవన్నీ స్మార్ట్ సిటీలు, ఆ జాబితాలో విజయనగరం, శ్రీకాకుళం లేవు. అమెరికాలో గృహ, పట్టణాభివృద్ధి శాఖ శిథిలమైన ప్రభుత్వ గృహ సముదాయాల స్థానంలో అన్ని ఆదాయాల వాళ్లూ కలిసి ఉండే పేటలు రావాలని 2010లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో ప్లాను తయారీకి ఒక గ్రాంటు, ఆ ప్లాను అమలుకు వేరే గ్రాంటు. ముందు అక్కడున్న జనంతో కూర్చుని మాట్లాడడానికే డబ్బిస్తారన్నమాట. ఈ పద్ధతి నాకు నచ్చింది.

మన స్థాయి నగరపాలక సంస్థలకు రాష్ట్ర బడ్జెట్‌లో ఇలాంటి గ్రాంటు పెట్టాలి. ఆ డబ్బుతో ప్లానర్లను, సర్వేయర్లను తీసుకుని ఊరి మధ్య వాడకం లేని ప్రభుత్వ స్థలాలు, మూతపడిన గోదాములు, కూలిన క్వార్టర్లు ఒక్కొక్కటీ కొలిపించాలి. బడి, బస్సు, బజారు నడక దూరంలో ఉన్న చోట్లు ముందు తీసుకోవాలి. మూడో వంతు ఇళ్లు పేదలకు, అదీ అదే మెట్ల మీద, అదే గేటులోంచి. మధ్యలో గోడ కట్టబోమని మాటిచ్చిన ప్లానుకే డబ్బివ్వాలి. పేదల పక్కన మధ్యతరగతి వాళ్లు చేరరని కొందరంటారు. నా సందులో ప్లీడరుగారి కుటుంబం రెండు తరాలుంది.

ఇది ఆలస్యం చేసే పని కాదు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆ రోడ్డు పొడుగునా లేఅవుట్లు వేస్తున్నారు, ఊళ్లో జాగా ధరలూ పెరుగుతున్నాయి. ఈరోజు పేదల పేరున అట్టేపెట్టని స్థలం రేపు ప్రభుత్వానికే కొనే తాహతు ఉండదు.

ప్లాను వేయడానికి ఎవరు వచ్చినా సరే, గంటస్తంభం దగ్గర బయలుదేరి అయ్యకోనేరు గట్టు మీదుగా నా పాత బీటంతా వాళ్లతో నడుస్తాను. ఏ స్థలం ఎన్నాళ్లుగా ఖాళీగా పడి ఉందో, ఏ వాటాలో ఎంతమంది సర్దుకుంటున్నారో గుమ్మం గుమ్మానికీ చెప్పగలను. మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మ్యాన్,
విజయనగరం