వెనక చక్రంలో రెండో స్పోక్ విరిగితే ఇక ఒక్కటే మార్చి పంపం

రోడ్ సైకిల్ కస్టమర్లకు ఒక మాట. ఈ నెల నుంచి, వెనక చక్రంలో స్పోక్ రెండోసారి విరిగి వస్తే ఆ ఒక్కటీ వేసి, బెండ్ తీసి ఇవ్వడం మానేస్తున్నాం. స్పోకులన్నీ కొత్తవి వేసి కడతాం, వద్దంటే చక్రం అలాగే తిరిగిచ్చేస్తాం. ఇన్నాళ్లూ "ఒక్కటే వేసెయ్ అన్నా" అంటే వేసి పంపాం. నెల తిరక్కుండా పక్కది విరిగేది, మళ్లీ కూలీ మీ మీదే పడేది. అడగ్గానే వేసివ్వడం మా తప్పే.

స్పోక్ ఎక్కువగా హబ్ (చక్రం నడిమి గుండు) దగ్గర వంపులో తెగుతుంది. చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ కిందికొచ్చిన స్పోక్ కాస్త వదులై మళ్లీ బిగుస్తుంది. కట్టు లూజుగా ఉంటే ఈ వదులూ బిగువూ ఇంకా ఎక్కువ, తీగను అటూ ఇటూ వంచి తుంచినట్టే. 32 స్పోకుల చక్రమైతే మిగతా 31 కూడా అదే రోజు కట్టినవి, అన్నే కిలోమీటర్లు తిరిగినవి, కాబట్టి అవీ అంతే అలిసినట్టు. మేం గేర్ల వైపు 110 కేజీల టెన్షన్‌కి అటూఇటూగా కడతాం. రెండో వైపు అందులో సగం పైచిలుకే వస్తుంది, చక్రం మధ్యకు రావాలంటే అంతే. కట్టాక జంటలు జంటలుగా స్పోకుల్ని చేత్తో గట్టిగా నొక్కి, మళ్లీ బెండ్ చూస్తాం. ఈ నొక్కుడు ఎగ్గొట్టిన చక్రమే త్వరగా మొరాయిస్తుంది.

విరిగిన ముక్కలు రెండూ పారేయకండి. మధ్యలో తెగితే ఏదో తగిలినట్టు. చైన్ జారి గేర్లకీ స్పోకులకీ మధ్య పడితే ఆ వైపు స్పోకుల మీద గీతలుంటాయి, అప్పుడు గీత పడ్డవే మారిస్తే చాలు. పొడవు కూడా ఆ ముక్కలతోనే తేలుతుంది: గేర్ల వైపు స్పోక్ సాధారణంగా 2 మి.మీ. పొట్టి. స్పోక్ ధర కంటే కూలీ ఎందుకు ఎక్కువంటే, గేర్ల వైపు స్పోక్ దూర్చాలంటే క్యాసెట్ (వెనక గేర్ పళ్లచక్రాల గుత్తి) విప్పక తప్పదు. చదును స్పోకుల ఫ్యాక్టరీ చక్రాలకు సరుకు మా దగ్గర ఉండదు, తెప్పించాలి.

దారిలో విరిగితే ముక్కను పక్క స్పోక్‌కి చుట్టి, రిమ్ బ్రేక్ అయితే బ్రేక్ మీదుండే చిన్న లీవర్ తిప్పి బ్రేక్ వదులు చేయండి. రిమ్ ఇంకా బ్రేక్‌కి ఒరుసుకుంటుంటే, కుడివైపుది (గేర్ల వైపుది) విరిగినప్పుడు రిమ్ ఎడమకు లాగుతుంది కాబట్టి, దానికి అటూఇటూ ఉన్న ఎడమ స్పోకులు రెండింటి నిప్పుల్ (రిమ్ దగ్గర స్పోక్‌ని బిగించే చిన్న నట్టు) అర చుట్టు వదులు చేయండి. ఎంత వదిలారో గుర్తుంచుకోండి. 32 స్పోకుల చక్రమైతే మెల్లగా ఇల్లు చేరొచ్చు. 20, 24 ఉన్నవైతే దిగి నడిపించుకు రావడమే మంచిది.

ఇక అరిగిన రిమ్‌లు. రబ్బరు రిమ్‌నే పట్టే రిమ్ బ్రేక్ సైకిళ్లకు వానాకాలమే శత్రువు; బ్రేక్ రబ్బరులో ఇరుక్కున్న ఇసుక, అల్యూమినియం రజను ఆకురాయిలా పనిచేస్తాయి. రబ్బరులో మెరిసే చుక్కలు కనిపిస్తే సూదితో పెకలించండి. బ్రేక్ పట్టే చోట అరుగుదల గుర్తుగా ఉండే సన్న గాడి గానీ చుక్క గానీ మాయమైతే రిమ్ పని అయిపోయినట్టే. గుర్తు లేని రిమ్ గోడ మందం, మందం కొలిచే పనిముట్టు కాలిపర్‌తో నేరుగా చూడలేం, గోడ అంచున లోపలికి తిరిగిన కొక్కెం అడ్డొస్తుంది. టైరు తీసి, గోడకు లోపలి వైపు 2 మి.మీ. మందం స్పోక్ ముక్క ఆనించి, దాంతో కలిపి కొలిచి 2 తీసేయండి. 1 మి.మీ. కంటే తక్కువొస్తే ఆ రిమ్ మీద మేం టైరు ఎక్కించం. గాలి నింపాక ఒకేచోట బ్రేక్ పట్టి పట్టి వదులుతుంటే అక్కడ గోడ ఉబ్బుతోందని అర్థం. ఆ సైకిల్ ఇక తొక్కొద్దు.

డిస్క్ బ్రేక్ వాళ్లకు ఈ అరుగుడు లేదు గానీ నిప్పుల్ రంధ్రాల చుట్టూ పగుళ్లు చూసుకోండి, ముఖ్యంగా వెనక గేర్ల వైపు. పగులుంటే రిమ్ మార్చాల్సిందే. కొత్త రిమ్ కొలత పాతదానికి సరిపోయి, స్పోకులు ఒక్కటీ విరగకుండా ఉంటే వాటినే వాడతాం, ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది.