ఇకమీదట రఫ్ మిక్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టం

మన స్టూడియోలో జానపదాలు, భజనలు, ప్రైవేటు ఆల్బమ్‌లు చేయించుకునే గాయనీగాయకులకు, రచయితలకు, పెట్టుబడి పెట్టే అన్నలకు నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఫైళ్లు ఇచ్చే పద్ధతి మారుస్తున్నాం. కొందరికి చిరాకు కలగొచ్చు. అందుకే కారణాలతో సహా చెబుతున్నాం.

ఇన్నాళ్లూ మిక్సింగ్ అయిన రాత్రే రఫ్ మిక్స్‌ను, అంటే తుది మెరుగులు దిద్దని పాటను, 320 కేబీపీఎస్ (ఎంపీ3 నాణ్యత కొలత) ఎంపీ3గా గ్రూపులో పడేసేవాళ్లం. నాలుగు నిమిషాల పాటకు అది 10 ఎంబీ కూడా ఉండదు, క్షణంలో చేతులు మారుతుంది. పైగా ఆ నాణ్యత విడుదలకు సరిపోయేంత ఉంటుంది. ‘ఒకసారి విని చెప్పండి’ అని పదిమందికి పంపి, బయటికి పోయిందని గొణుక్కోవడంలో అర్థం లేదు. తప్పు మాదే.

పాట ఊరికే తిరిగితే కళాకారుడికి లాభమా నష్టమా అన్న తగువు 1999లో పాటల ఫైళ్లు ఊరికే పంచుకునే నాప్‌స్టర్ సేవ వచ్చినప్పటిది. 2000లో అమెరికా రాక్ బృందం మెటాలికా దానిమీద కోర్టుకెక్కింది, 2001 జులైలో ఆ సేవ ఆగింది, తగువు మాత్రం ఆగలేదు. మన జానపదాల దగ్గర లెక్క కొంచెం వేరు. ఫార్వర్డ్ అయిన పాట వల్ల గొంతు జనానికి తెలుస్తుంది, బోనాలకో బతుకమ్మకో గాయకుడికి స్టేజీ పిలుపు వస్తుంది. ఇది కాదనలేం. కానీ స్టేజీ ఎక్కని రచయితకు, బాణీ కట్టినాయనకు, డప్పు కొట్టినాయనకు ఆ పిలుపులో పైసా ఉండదు. వాళ్లకు రావలసింది రాయల్టీ దారినే రావాలి. ఆ దారిని రఫ్ మిక్స్ ఎలా మూసేస్తుందో చూడండి.

బయటికి పోయిన ఫైలును ఎవరో ఒకరు మీకంటే ముందు ఏదో డిస్ట్రిబ్యూటర్ (పాటలను స్ట్రీమింగ్ సేవలకు చేర్చే సంస్థ) ద్వారా ఎక్కిస్తారు. దానికి ఐఎస్‌ఆర్‌సీ నంబరు (ఒక్కో రికార్డింగ్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) పడుతుంది, యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (అదే పాట వేరే వీడియోల్లో ఉంటే పట్టే వ్యవస్థ) ఆ పాట వేలిముద్ర చేరుతుంది. వారం తర్వాత మీరు వీడియో పెట్టగానే మీ పాటకే ‘ఇది మాది’ అంటూ క్లెయిమ్ వస్తుంది. సొంత ఇంటికి మనమే అద్దె కట్టినట్టు. అలాంటప్పుడు కంగారుపడి వీడియో తీసేయొద్దు. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ (అభ్యంతరం) వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన ప్రకటనల డబ్బును యూట్యూబ్ పక్కన పెట్టి ఉంచుతుంది. ఆలస్యమైతే డిస్ప్యూట్ వేసిన రోజు నుంచే లెక్క. అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులు గడువు. వాళ్లు కాదంటే మీరు అప్పీలు వేయొచ్చు, దానికి వాళ్లు జవాబివ్వడానికి గడువు 7 రోజులు. ఇక్కడ జాగ్రత్త: అప్పీలు దశలో వాళ్లు తొలగింపు నోటీసు ఇస్తే మీ ఛానెల్‌కు స్ట్రైక్ (కాపీరైట్ ఉల్లంఘన హెచ్చరిక) పడుతుంది. హక్కు ఎవరిదో రాసిన కాగితం చేతిలో లేకుండా అక్కడిదాకా పోవద్దు.

ఇంకో రకం క్లెయిమ్ ఉంది, దానికి దొంగలెవరూ అక్కర్లేదు. కీబోర్డ్ ప్రోగ్రామర్ నెట్‌లో దొరికే డప్పు లూపునో (పదేపదే తిప్పి వాడే రెడీమేడ్ ముక్క) ఫ్లూట్ బిట్టునో యథాతథంగా వాడతాడు. అదే లూపు ఇంకో యాభై పాటల్లో ఉంటుంది. ఆ యాభైలో ఒకరు తమ పాటను కంటెంట్ ఐడీలో పెడితే మిగతా అందరికీ క్లెయిములే. అందరికీ అమ్మే లూపు మీద ఎవరికీ ఏకహక్కు ఉండదు కాబట్టి అలాంటి పాటను కంటెంట్ ఐడీలో పెట్టడమే నిబంధనలకు విరుద్ధం. ఇకనుంచి పాటలో లూపులుంటే ప్రాజెక్టు షీటులో రాస్తాం. కంటెంట్ ఐడీ కావాలనుకునే పాటకు డప్పు ఇక్కడే కొట్టించండి, గంటన్నర పని.

ఇక కొత్త పద్ధతి. వినడానికి ‘చెక్ కాపీ’ ఇస్తాం: 128 కేబీపీఎస్, మోనో (ఎడమ కుడి తేడా లేని ఒకే ధ్వని), మధ్యమధ్యలో ‘చెక్ కాపీ’ అనే గొంతు. నాణ్యత తగ్గిస్తే చాలదా అంటే చాలదు, ఫోను స్పీకరులో 128 కూడా బాగానే వినిపిస్తుంది. ఆ గొంతు ఒక్కొక్కరి కాపీలో ఒక్కో సెకనుకు వస్తుంది: గాయకుడికి 20వ సెకను దగ్గరైతే రచయితకు 35వ సెకను దగ్గర. ఏ కాపీ బయటపడినా ఎవరిదో తెలిసిపోతుంది. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది, దాచడం లేదు. మోనోలో కోరస్ వెడల్పు తెలీదు, గజ్జెల చప్పుడు మొద్దుబారినట్టు ఉంటుంది. కాబట్టి చెక్ కాపీలో పదాలు, శృతి, తాళం మాత్రమే చూడండి. హెచ్చుతగ్గులు సరిచూసుకోవాలంటే స్టూడియోకి రండి, అరగంట కూర్చోవడానికి డబ్బు తీసుకోం.

మాస్టర్ వేవ్ ఫైలు (విడుదలకు సిద్ధమైన తుది రికార్డింగ్: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్; నాలుగు నిమిషాలకు దాదాపు 70 ఎంబీ) వాటాల కాగితం (ఎవరి హక్కు ఎంతో రాసుకున్నది) మీద అందరి సంతకాలు పడ్డాకే ఇస్తాం. అదీ నిర్మాత ఒక్కరికే. డ్రైవ్‌లో ఎవరైనా తెరవగలిగే లింకు పెట్టం. కోరస్, వాద్యాల విడి ట్రాకులు అసలే పెట్టం, డీజే రీమిక్సులకు మొదటి ముడిసరుకు అవే.

ఆ కాగితం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అన్నీ నోటిమాట మీదే నడుస్తున్నాయి. రికార్డు చేసినందుకు స్టూడియోకి పాట మీద హక్కు రాదు. పూనుకుని, బాధ్యత తీసుకుని చేయించిన నిర్మాతదే సౌండ్ రికార్డింగ్. సాహిత్యం రచయితది, బాణీ స్వరకర్తది. వాటిని రాసివ్వాలంటే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లే, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో మనవాళ్లు వింటారనుకునే నిర్మాత ఈ ఒక్క వాక్యం మరిచిపోతే అక్కడికి హక్కు లేనట్టే. 2012 సవరణ తర్వాత, మొత్తం రాసిచ్చినా సరే, రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా హక్కు పోదు. ‘ఐదువేలు ఇచ్చేశాం, ఇక సంబంధం లేదు’ అనే మాట చెల్లదు. అయితే ఆ డబ్బు ఇల్లు వెతుక్కుంటూ రాదు. ఐపీఆర్‌ఎస్‌లో (రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యత్వం తీసుకుని, ఒక్కో పాటనూ అక్కడ నమోదు చేసుకోవాలి. గాయకులకు ఇసామ్రా అనే వేరే సంస్థ ఉంది. ఫారాలు నింపడంలో సాయం చేస్తాం, రుసుము తీసుకోం.

స్ట్రీమింగ్‌లో ఒక వినికిడికి ఎంత అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. స్థిరమైన ధర లేదు. ఆ నెల ఆ సేవకు వచ్చిన ఆదాయంలో సేవ తన వాటా తీసుకోగా మిగిలినదాంట్లో, మొత్తం వినికిళ్లలో మీ భాగమెంతో అంత, అందులోంచి డిస్ట్రిబ్యూటర్ కోత. స్పాటిఫైలో 2024 నుంచి ఇంకో మెలిక: గడిచిన 12 నెలల్లో 1,000 వినికిళ్లు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ అసలు రాదు. ఆరు పాటల ఆల్బమ్‌లో ఒక్కోదానికి 900 వచ్చాయనుకోండి, మొత్తం 5,400 విన్నారు, చేతికి సున్నా. ఆ మిగతా వంద వినికిళ్లు తరచూ వాట్సాప్‌లోనే అయిపోయి ఉంటాయి. అందుకే ఆరూ ఒకేసారి వదలకుండా ఒక్కోటీ మూడు వారాల ఎడంతో వదలమంటున్నాం, ఫార్వర్డ్ చేసేది ఎంపీ3 కాకుండా లింకు అయితే మేలు.

డిస్ట్రిబ్యూటర్‌ను మారిస్తే పాత ఐఎస్‌ఆర్‌సీనే ఇవ్వండి. కొత్త నంబరు పడితే పాత లెక్క దానికి అతకదు, మళ్లీ సున్నా నుంచి మొదలు. డీజే వెర్షన్‌కు మాత్రం వేరే నంబరు తప్పనిసరి.

మీ పాటను డీజే వాళ్లు రీమిక్స్ చేసి పెడితే బ్లాక్ చేయించొద్దనేది మా సలహా. కంటెంట్ ఐడీలో ‘మానిటైజ్’ ఎంచుకుంటే జనం ఆ రీమిక్స్ విన్నా ప్రకటనల డబ్బు మీవైపు వస్తుంది. వేగం, శృతి బాగా మార్చిన వాటిని అది పట్టలేకపోవచ్చు, వాటిని చేత్తో వెతకాల్సిందే.

పాత పాటలకు కూడా కాగితం చేసుకోవచ్చు. నిర్మాత, రచయిత, స్వరకర్త, గాయకుడు నలుగురూ ఆధార్‌తో ఒకే రోజు వస్తే మంచిది, సంతకాల కోసం నాలుగు ఊళ్లు తిరిగే పని తప్పుతుంది. నిర్మాత ఎవరో తేలని పాటల మాస్టర్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వం.