కోర్ గ్రూప్‌లో ప్రతి పనికీ ఇద్దరుండాలి

సంపాదకుల గారికి నమస్కారం.

భారత హాకీ జట్టు కోర్ గ్రూప్ (జాతీయ శిబిరానికి పిలిచే ఆటగాళ్ల బృందం, టోర్నీ జట్లను ఇందులోంచే ఎంచుతారు) మాట వచ్చినప్పుడల్లా మన చర్చంతా పేర్ల మీదే నడుస్తుంది. ఎవరిని ఉంచారు, ఎవరిని తీశారు, సీనియర్లు ఎందరు, కుర్రాళ్లు ఎందరు. నేను మాత్రం జాబితా చూడగానే ఒక్కటే వెతుకుతాను: ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర తప్పు చేస్తే వాళ్లకు దక్కే ప్రత్యేక దాడి అవకాశం) దొరికినప్పుడు దాన్ని అడ్డుకోవడానికి ముందుగా పరుగెత్తే మనిషికి, అంటే రషర్‌కు, ఏదైనా అయితే ఆ పని చేసే రెండోవాడు ఎవరు?

2024 పారిస్ ఒలింపిక్స్ చూసినవాళ్లకు ఈ ప్రశ్న ఎందుకో తెలుసు. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ రెండో క్వార్టర్ మొదట్లోనే మన మొదటి రషర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ చూపించారు. మనవాళ్లు దాదాపు 40 నిమిషాలు పది మందితోనే పోరాడి, షూటౌట్‌లో గోల్‌కీపర్ శ్రీజేశ్ అడ్డం నిలబడితే 4-2తో గట్టెక్కారు. అంతా సంబరపడ్డాం. కానీ ఒక మ్యాచ్ నిషేధం వల్ల జర్మనీతో సెమీస్‌కు రోహిదాస్ లేడు. ఆ మ్యాచ్‌లో జర్మనీ మొదటి గోల్ పెనాల్టీ కార్నర్ మీదే వచ్చింది, చివరికి 3-2తో ఓడిపోయాం. ఓటమికి అదొక్కటే కారణమని నేను అనను, కానీ ఆ లోటు మాత్రం స్పష్టంగా కనిపించింది.

ఆ పని ఏమిటో ఒక్కసారి దగ్గరగా చూడండి. ముఖానికి మాస్క్, మోకాళ్లకు ప్యాడ్లు తగిలించుకుని గోల్ లైన్ వెనక నిలబడి, బంతి తోయగానే ఎదుటి జట్టు ఫ్లికర్ (బంతిని గోల్‌లోకి విసిరికొట్టే ఆటగాడు) మీదికి నేరుగా పరుగెత్తాలి, గంటకు 100 కిలోమీటర్లు దాటి వచ్చే బంతికి ఒళ్లు అడ్డం పెట్టాలి. స్కోరు పట్టికలో అతని పేరు ఎక్కడా ఉండదు. గోల్స్ లెక్కపెట్టి కోర్ గ్రూప్ కడితే ఇలాంటివాళ్లు ఎప్పటికీ వెనకబడిపోతారు.

2023 ప్రపంచకప్‌లో హార్దిక్ సింగ్ గాయపడ్డప్పుడూ మిడ్‌ఫీల్డ్‌లో రెండోవాడు లేని ఇదే అవస్థ.

గోల్‌కీపర్ల విషయంలో మాత్రం మనవాళ్లు చక్కగా చేశారు. శ్రీజేశ్ ఉండగానే కృషన్ పాఠక్‌ను మ్యాచ్ మధ్యలో క్వార్టర్ల చొప్పున మార్చి ఆడించారు కాబట్టే, పారిస్ కాంస్యంతో శ్రీజేశ్ తప్పుకున్నా గోల్ ముందు ఖాళీ రాలేదు. ఒలింపిక్స్‌కు తీసుకెళ్లేది 16 మందినే, అందులో రెండో కీపర్‌కే చోటు ఉండదు, ఇక రెండో రషర్‌ను అక్కడ ఎక్కడ వెతుకుతాం? ఆ పని కోర్ గ్రూప్ ఎంచుకునేటప్పుడే జరిగిపోవాలి.

అందుకే సెలెక్టర్లను అడిగేది ఇదే. పేరు పక్కన ఆ ఆటగాడు చేయబోయే పని కూడా చెప్పండి. తీసేసినవాళ్లకు కారణం ముఖం మీదే చెప్పండి, తిరిగి రావడానికి ఏం చేయాలో వాళ్లకు తెలియాలి కదా. 2028 లాస్ ఏంజెలిస్ దాకా ఆగకుండా, ప్రో లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లు పోయినా సరే, రెండో రషర్‌ను ఇప్పుడే మాస్క్ పెట్టించి పరుగెత్తించండి.

ఇట్లు,
ఒక హాకీ అభిమాని